రెండు సీట్ల చిన్న హెలికాప్టర్ మీద పైలట్ శిక్షణ మొదలుపెట్టవచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: విమానాలతో ఇంతవరకు ఏ పరిచయమూ లేదు, హెలికాప్టర్ పైలట్ కావాలని ఉంది. చూసిన స్కూళ్లలో ఒకచోట రాబిన్సన్ ఆర్22, ఇంకోచోట గింబాల్ క్యాబ్రీ జీ2, మూడోచోట గంటకు బాగా ఎక్కువ తీసుకుని నాలుగు సీట్ల ఆర్44 మీద నేర్పుతామంటున్నారు. మీ బావగారేమో "ఆ చిన్నవి బొమ్మలు, నేర్చుకుంటే పెద్దదాని మీదే నేర్చుకో" అన్నారు. ఎవరి మాట వినాలి? చిన్నదాని మీద నేర్చుకుంటే రేపు పెద్దది నడపడానికి ఆ గంటలు పనికొస్తాయా?

ఈ రకాలన్నిటి మీదా నేర్పినవాణ్ణి కాబట్టి సూటిగా చెప్తాను. చిన్న హెలికాప్టర్ మీద నిరభ్యంతరంగా మొదలుపెట్టవచ్చు. ప్రపంచంలో సొంత ఖర్చుతో నేర్చుకున్న హెలికాప్టర్ పైలట్లలో చాలామంది మొదలుపెట్టింది వాటి మీదే. కాకపోతే మీ బావగారి మాటను పూర్తిగా కొట్టిపారేయలేను. చిన్న హెలికాప్టర్‌లో యంత్రం ఇచ్చే వెసులుబాటు తక్కువ. ఆ లోటును పక్క సీట్లోని ఇన్‌స్ట్రక్టర్, ఆ రోజు గాలి, మీ ఇద్దరి బరువు కలిసి పూడ్చాలి. అందుకే ఏ హెలికాప్టర్ అని ఆలోచించే ముందు ఎవరి దగ్గర అని ఆలోచించండి.

ముందు ఒక సంగతి. ఆర్22ని శిక్షణ కోసం తయారు చేయలేదు. ఫ్రాంక్ రాబిన్సన్ ఉద్దేశం ఒక మనిషి సొంతంగా కొనుక్కుని తిరగగలిగేంత చవకైన హెలికాప్టర్ చేయడం. అది 1975లో మొదటిసారి ఎగిరింది, 1979లో సర్టిఫికేట్ వచ్చింది. అంత తక్కువ ఖర్చుతో గంట ఎగరగలిగేది అప్పటికి ఇంకోటి లేకపోవడంతో స్కూళ్లు ఎగబడి కొన్నాయి. అంటే అనుభవం ఉన్న యజమాని నడుపుతాడనుకుని గీసిన యంత్రంలోకి, హెలికాప్టర్ తలుపు ఎటు తెరుచుకుంటుందో కూడా తెలియనివాళ్లు ఎక్కి కూర్చున్నారు. మొదట్లో ప్రమాదాలు బాగానే జరిగాయి. దాని ఫలితంగానే 1995లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఆర్22, ఆర్44ల కోసం ప్రత్యేకంగా ఎస్ఎఫ్ఏఆర్ 73 అనే నియమం తెచ్చింది. దాని ప్రకారం కొత్త విద్యార్థి ఆర్22లో ఒంటరిగా ఎగరాలంటే అదే రకంలో కనీసం 20 గంటలు ఇన్‌స్ట్రక్టర్‌తో ఎగిరి ఉండాలి. రోటర్ (పైన తిరిగే బ్లేడ్ల చక్రం) వేగం పడిపోవడం, లో-జీ (హెలికాప్టర్ తేలిపోయినట్టయ్యే స్థితి) లాంటి విషయాల మీద విడిగా శిక్షణ తీసుకుని ఉండాలి. మీ దేశంలో ఆ నియమం వర్తించకపోయినా ఆ 20 గంటల లెక్కను గుర్తుంచుకోండి. అంతకంటే బాగా ముందే సోలోకి పంపుతామని గొప్పగా చెప్పే స్కూలు కనిపిస్తే నేనైతే వెనక్కి తిరిగి వచ్చేస్తాను.

అసలు తేడా రోటర్ బరువులో ఉంది

చిన్న హెలికాప్టర్ గురించి ఒక్క విషయమే తెలుసుకునే టైమ్ ఉంటే ఇది తెలుసుకోండి. బొంగరం తేలికగా ఉంటే త్వరగా ఆగిపోతుంది, బరువుగా ఉంటే ఇంకాసేపు తిరుగుతుంది. రోటర్ కూడా అంతే. ఆర్22 బ్లేడ్లు తేలిక. ఇంజన్ ఆగిన క్షణంలో కలెక్టివ్‌ను (హెలికాప్టర్‌ను పైకీ కిందికీ నడిపే ఎడమ చేతి మీటను) కిందికి దించేస్తే కింది నుంచి వచ్చే గాలి రోటర్‌ను తిప్పుతూనే ఉంటుంది, దాన్నే ఆటోరొటేషన్ అంటాం, దిగిపోవచ్చు. కానీ ఆ దించడానికి ఆర్22లో దొరికేది సెకనుకు కాస్త అటూ ఇటూ. బరువైన బ్లేడ్లున్న బెల్ 206 లాంటివాటిలో ఇంకొంచెం వ్యవధి ఉంటుంది.

అంకెల్లో చూస్తే ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. ఆర్22లో మామూలుగా ఎగిరేటప్పుడు రోటర్ 104 శాతం దగ్గర ఉంటుంది, అంటే నిమిషానికి సుమారు 530 చుట్లు. 97 శాతానికి పడగానే హారన్ మోగుతుంది, లైటు వెలుగుతుంది. సముద్రమట్టం దగ్గర దాదాపు 80 శాతానికి, ఎత్తు వెయ్యి అడుగులు పెరిగే కొద్దీ ఇంకో శాతం చొప్పున పైన, బ్లేడ్లు స్టాల్ అయ్యే, అంటే ఎత్తే బలం కోల్పోయే పరిస్థితి వస్తుంది. అక్కడి నుంచి వెనక్కి రావడం ఉండదు. అంటే హారన్ మోగాక మీ చేతిలో ఉన్నది 17 శాతం, అదీ చాలా వేగంగా కరిగిపోయే 17 శాతం. హారన్ వింటే ఆలోచించకూడదు. కలెక్టివ్ కిందికి, థ్రాటిల్ (ఇంజన్ శక్తిని పెంచే, కలెక్టివ్ చివరి పిడి) పైకి, ముందుకు ఎగురుతూ ఉంటే సైక్లిక్ (హెలికాప్టర్‌ను ఏ వైపుకైనా వంచే కుడి చేతి కర్ర) కొంచెం వెనక్కి. ఇది చేతికి అలవాటయ్యేదాకా విద్యార్థిని నేను ఒంటరిగా పంపను.

ఇక్కడ విమానం పైలట్లకు ఒక మాట. మీకు వర్తించదు గానీ చదివేవాళ్లలో ఉంటారు. విమానంలో స్టాల్ హారన్ మోగితే ముక్కు కిందికి తోయాలని చేతులకు ఎక్కిపోయి ఉంటుంది. హెలికాప్టర్‌లో హారన్ మోగినప్పుడు అదే చేస్తే పరిస్థితి ఇంకా చెడుతుంది. రాబిన్సన్ కంపెనీ దీని మీద సేఫ్టీ నోటీసు 29 ప్రత్యేకంగా వేసింది. నా అనుభవంలో వందల గంటల విమాన అనుభవంతో వచ్చేవాళ్లకంటే ఏమీ తెలియకుండా వచ్చే మీలాంటివాళ్లకు నేర్పడం కొన్ని విషయాల్లో సులువు. మరిచిపోవాల్సింది ఏమీ ఉండదు కదా.

ఆర్22, ఆర్44లలో గవర్నర్ ఉంటుంది. ఇంజన్ వేగం 80 శాతం దాటాక థ్రాటిల్‌ను తనే తిప్పుతూ రోటర్ వేగాన్ని నిలబెడుతుంది. మొదటి పాఠాల్లో ఇది పెద్ద వరం. కానీ దీని గురించి పుస్తకాల్లో ఒక వాక్యంలో తేల్చేసే సంగతి ఒకటి ఉంది. గవర్నర్ థ్రాటిల్‌ను తిప్పేది ఒక ఫ్రిక్షన్ క్లచ్ ద్వారా. అంటే పైలట్ చెయ్యి గట్టిగా పట్టుకుంటే గవర్నర్ ఓడిపోతుంది. కొత్తవాళ్లు టెన్షన్‌లో ఏం చేస్తారు? దొరికిందాన్ని గట్టిగా పట్టుకుంటారు.

ఒక విద్యార్థిని ఇలాగే చూశాను. హోవర్‌లో, అంటే గాల్లో ఒకేచోట నిలిచినప్పుడు, గాలి కొంచెం తన్నగానే అతని ఎడమ చేతి వేళ్ల కణుపులు తెల్లబడేవి. కలెక్టివ్ కొంచెం ఎత్తేవాడు, థ్రాటిల్ మాత్రం కదలదు, రోటర్ 104 నుంచి 101కి, 99కి జారేది. సూది జారడం అతనికి కనిపించేది కాదు. కళ్లన్నీ నేల మీదే. నేను నోటితో ఏమీ చెప్పకుండా రెండు వేళ్లతో అతని ముంజేతిని తట్టేవాణ్ణి, పట్టు వదులయ్యేది, సూది తనంతట తనే పైకి వచ్చేది. కొన్ని పాఠాల తర్వాత తట్టాల్సిన అవసరం పోయింది. చిన్న హెలికాప్టర్‌లో ఇన్‌స్ట్రక్టర్ విలువ అక్కడ ఉంటుంది. హారన్ మోగేదాకా ఆగేవాడు కాదు, వేళ్లు తెల్లబడ్డప్పుడే గమనించేవాడు కావాలి.

లో-జీ: వణకాల్సిన పని లేదు, ఒళ్లు దగ్గర పెట్టుకుంటే చాలు

రాబిన్సన్ హెలికాప్టర్ల గురించి ఇంటర్నెట్‌లో వెతికితే మీకు మొదట తగిలే భయం మాస్ట్ బంపింగ్. విషయం ఏమిటంటే, ఆర్22, ఆర్44లది రెండు బ్లేడ్ల టీటరింగ్ రోటర్. మధ్యలో కీలు మీద ఊగుతూ తిరుగుతుంది. కింద వేలాడే హెలికాప్టర్ శరీరాన్ని తన వెంట తిప్పుకోవాలంటే రోటర్ మీద బరువు పడుతూ ఉండాలి. సైక్లిక్‌ను ఒక్కసారిగా ముందుకు తోస్తే శరీరం తేలిపోయినట్టు అవుతుంది, రోటర్ మీద బరువు తగ్గుతుంది, తోక రోటర్ తోపు వల్ల హెలికాప్టర్ కుడివైపుకు దొర్లడం మొదలుపెడుతుంది. సహజంగా ఎవరైనా సైక్లిక్‌ను ఎడమకు లాగుతారు. ఆ క్షణంలో చేయకూడనిది సరిగ్గా అదే. రోటర్ వంగుతుంది గానీ శరీరం కదలదు, హబ్ (బ్లేడ్లు కలిసే మధ్య భాగం) వెళ్లి మాస్ట్‌కు (రోటర్‌ను మోసే నిలువు కడ్డీకి) కొట్టుకుంటుంది. చేయాల్సింది ముందు సైక్లిక్‌ను మెల్లగా వెనక్కి తెచ్చి రోటర్ మీద బరువు పడనివ్వడం, ఆ తర్వాతే దొర్లుడును సరిచేయడం.

లో-జీ పుష్ఓవర్లు నిషిద్ధమని ఈ హెలికాప్టర్ల ప్యానెల్ మీదే రాసి ఉంటుంది. 1995లోనే గాలి గురించి కూడా పరిమితులు పెట్టారు. హెలికాప్టర్లలో 200 గంటలు, ఆ మోడల్‌లో 50 గంటలు, దానికి తగ్గ శిక్షణ లేని పైలట్ నేల మీద గాలి 25 నాట్లు దాటినా, గాలి విసుర్ల మధ్య తేడా 15 నాట్లు దాటినా ఎగరకూడదు. విద్యార్థి సోలోకి నేను వీటిలో సగం కూడా ఒప్పుకోను. 12 నాట్ల గాలి నిలకడగా వీస్తే పర్వాలేదు, 8 నుంచి 18కి ఎగిరిపడుతుంటే ఆ రోజు బోర్డు మీద పాఠం చెప్పుకుంటాం.

ఇది చదివి ఆర్22 ఎక్కకూడదని అనుకోవద్దు. కొత్త విద్యార్థి పాఠాల్లో లో-జీ దాకా వెళ్లే సందర్భాలు చాలా తక్కువ. హోవర్, సర్క్యూట్లు (ఎగిరి, చుట్టు తిరిగి, మళ్లీ దిగడం), ఆటోరొటేషన్ అన్నీ ప్రశాంతంగా జరిగే పనులు. ప్రమాదం వచ్చేది ఎక్కువగా తర్వాత, లైసెన్స్ చేతికొచ్చి, స్నేహితుణ్ణి ఎక్కించుకుని, గుట్టల మీద గాలి దెబ్బల్లో వేగంగా వెళ్లేటప్పుడు. అందుకే ఈ పాఠం మొదటి రోజుల్లోనే ఒంటికి పట్టాలి.

బరువు లెక్క

ఫోన్ చేసిన ప్రతి కొత్త విద్యార్థినీ నేను మొదట అడిగేది బరువే. కొందరు నొచ్చుకుంటారు. కానీ రెండు సీట్ల యంత్రంలో ఇది మర్యాదకు సంబంధించిన విషయం కాదు.

ఆర్22 బీటా 2 గరిష్ఠ బరువు 622 కిలోలు. ఖాళీ బరువు సుమారు 400. ప్రధాన ట్యాంకు నింపితే దాదాపు 50 కిలోల పెట్రోలు. మిగిలింది ఇద్దరు మనుషులకు, వాళ్ల సామానుకు కలిపి 170 కిలోలు. ఒక్కో సీటుకు, దాని కింది సామాను పెట్టెతో కలిపి, పరిమితి 109 కిలోలు. ఇన్‌స్ట్రక్టర్ 85 ఉన్నాడనుకోండి, మీరు 85 దాటితే పెట్రోలు తగ్గించుకోవాల్సిందే. 95 ఉంటే పాఠం చిన్నదవుతుంది, లేదా తేలికైన ఇన్‌స్ట్రక్టర్ దొరకాలి. పైగా గరిష్ఠ బరువులో, వేడి రోజున, ఎత్తైన చోట హోవర్ చేయిస్తే ఇంజన్ దగ్గర మిగులు శక్తి దాదాపు ఉండదు. మిగులు లేని చోట విద్యార్థి తప్పు చేయడానికి వీలుండదు, తప్పు చేయకుండా ఎవరూ నేర్చుకోలేరు.

కాబట్టి మీ బరువు 90 కిలోలు దాటి ఉంటే ఆర్22ని పక్కన పెట్టండి. క్యాబ్రీ గరిష్ఠ బరువు 700 కిలోలు, కొంత నయం. ఆర్44, లేదా దాని రెండు సీట్ల శిక్షణ రూపమైన ఆర్44 కెడెట్ ఇంకా నయం. 2016లో సర్టిఫికేట్ పొందిన ఈ కెడెట్‌లో వెనక సీట్లు తీసేసి సామానుకు చోటిచ్చారు, గరిష్ఠ బరువు 998 కిలోలు. ఆర్44 శరీరం అదే కాబట్టి మిగులు శక్తి బాగా ఉంటుంది.

బరువు గురించే ఇంకో ముచ్చట. సోలో రోజున పక్క సీటు ఖాళీ అవుతుంది. 80 కిలోలు ఒక్కసారిగా తగ్గడంతో హెలికాప్టర్ ఎక్కువ చురుగ్గా పైకి లేస్తుంది, ముక్కు పైకి ఉంటుంది, సైక్లిక్ ఇన్నాళ్లూ పెట్టిన చోటికంటే ముందుకు పెట్టాలి. దీని గురించి ముందు చెప్పకపోతే విద్యార్థి బెదిరిపోతాడు. మంచి ఇన్‌స్ట్రక్టర్ సోలోకి ముందు రోజే ఇదంతా వివరిస్తాడు. తను హెలికాప్టర్ దిగేముందు, స్కిడ్లు (హెలికాప్టర్ నిలబడే పట్టాలు) నేల మీద ఉండగానే ఎంత ఎత్తితే ఎంత తేలికవుతుందో చూపిస్తాడు.

క్యాబ్రీ, ష్వైజర్ 300, ఆర్44

క్యాబ్రీ జీ2 ను యూరోకాప్టర్‌లో పనిచేసిన ఇంజనీర్ బ్రూనో గింబాల్ రూపొందించాడు. 2007 చివర్లో యూరప్ సర్టిఫికేట్ వచ్చింది. మూడు బ్లేడ్ల ఆర్టిక్యులేటెడ్ (ఒక్కో బ్లేడుకు విడి కీళ్లున్న) రోటర్ కాబట్టి ఇందాక చెప్పిన మాస్ట్ బంపింగ్ భయం ఇందులో లేదు. తోక రోటర్ ఫెనెస్ట్రాన్, అంటే చుట్టూ గూడు ఉంటుంది, నేల మీద నడిచేవాళ్లకు తగిలే ప్రమాదం తక్కువ. సీట్లు, ఇంధన ట్యాంకు గట్టి దెబ్బను తట్టుకునేలా చేశారు. కొత్తవాళ్లకు ఇవన్నీ లాభాలే. మీ ఊహకు దగ్గరగా ఉండే 'శిక్షణ హెలికాప్టర్' ఏదంటే ఇదే అంటాను.

అయితే దీనికీ ఒక పేచీ ఉంది. ఫెనెస్ట్రాన్‌లో మధ్య దగ్గర పెడల్ (తోక రోటర్‌తో ముక్కును పక్కకు తిప్పేది) కొంచెం కదిలిస్తే పెద్దగా ఏమీ జరగదు, బాగా తొక్కాలి. పైగా ఫ్రెంచ్ పద్ధతిలో రోటర్ పై నుంచి చూస్తే గడియారం దిశలో తిరుగుతుంది, కాబట్టి కలెక్టివ్ ఎత్తినప్పుడు కుడి పెడల్ కావాలి. ఆర్22లో ఎడమ పెడల్. నెమ్మదిగా దిగి హోవర్‌లోకి వచ్చేటప్పుడు ముక్కు ఎడమకు తిరగడం మొదలైతే కుడి పెడల్ వెంటనే, అవసరమైతే చివరిదాకా తొక్కి అలాగే ఉంచాలి. సగం తొక్కి 'పనిచేయడం లేదే' అని వదిలేస్తే బొంగరమే. క్యాబ్రీ ప్రమాదాల్లో ఇలాంటివి గణనీయంగా ఉన్నాయి. ఆర్22లో కొంతకాలం ఎగిరి క్యాబ్రీకి మారిన ఒకావిడకు నేను పాఠం చెప్పాను. అన్నీ చక్కగా చేసేది, కాళ్లు మాత్రం పాత లెక్కలో ఉండేవి. కలెక్టివ్ ఎత్తగానే ఎడమ కాలు ముందుకు పోయేది. కొన్నాళ్లపాటు హోవర్‌లోనే ఉండి కలెక్టివ్‌ను ఎత్తడం, దించడం, కాళ్లతో ముక్కును ఒకే చెట్టు వైపు నిలపడం తప్ప ఇంకేమీ చేయలేదు మేము. అందుకే శిక్షణ మధ్యలో హెలికాప్టర్ రకం మార్చవద్దు. ఏదైనా సరే, ఒకదానితోనే లైసెన్స్ దాకా వెళ్లండి.

ష్వైజర్ 300, పాత పేరు హ్యూజ్ 269, ఇప్పటికీ కొన్ని స్కూళ్లలో కనిపిస్తుంది. దొరికితే అదృష్టమే. అమెరికా సైన్యం దీన్ని టీహెచ్-55 పేరుతో 1960లలో 792 కొని వియత్నాం కాలపు పైలట్లకు మొదటి పాఠాలు చెప్పింది. మూడు బ్లేడ్లు, ఆర్22 కంటే నెమ్మదైన స్వభావం, ఆటోరొటేషన్ నేర్పడానికి హాయి. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజన్ ఉన్న మోడళ్లలో కార్బ్యురేటర్ మంచు బాధ లేదు. దీని బలహీనత గ్రౌండ్ రెజొనెన్స్. స్కిడ్ల డాంపర్లు (ఊపును అణిచే భాగాలు), బ్లేడ్ల డాంపర్లు సరిగా లేకపోయినా, ఒక స్కిడ్ గట్టిగా తగిలేలా దింపినా హెలికాప్టర్ మొత్తం ఊగడం మొదలై క్షణాల్లో ముక్కలయ్యేదాకా పోవచ్చు. రోటర్ వేగం సరిపడా ఉంటే వెంటనే గాల్లోకి లేవాలి, లేకపోతే కలెక్టివ్ దించి ఇంజన్ ఆపాలి. డాంపర్ల నిర్వహణ బాగా ఉన్న చోట ఇది చాలా అరుదు.

ఆర్44 గురించి చెప్పేది తక్కువ. బరువైన రోటర్, హైడ్రాలిక్ కంట్రోళ్లు, నిలకడ ఎక్కువ. అందరికీ సులువుగా అనిపిస్తుంది. రోటర్ మాత్రం అదే టీటరింగ్ రకం, లో-జీ జాగ్రత్తలన్నీ వర్తిస్తాయి. పాత ఆర్44 అయితే లోపల బ్లాడర్ ఇంధన ట్యాంకులు బిగించారా అని అడగండి, ప్రమాదం తర్వాత మంటల్ని తగ్గించడానికి చేసిన మార్పు అది. ఖర్చు భరించగలిగితే మంచి ఎంపికే. భరించలేక నెలకు రెండు గంటలే ఎగరాల్సి వస్తే మాత్రం దండగ. కొత్తల్లో చేతులు మరిచిపోవడానికి పది రోజులు చాలు. చవకైన యంత్రంలో వారానికి మూడుసార్లు ఎగిరినవాడు, ఖరీదైన యంత్రంలో నెలకు రెండుసార్లు ఎగిరినవాడికంటే ఎప్పుడూ ముందే ఉంటాడు.

మరి సైన్యాలు టర్బైన్ల మీద ఎందుకు నేర్పుతాయి?

మీ బావగారి వాదన వెనక ఇది ఉండి ఉంటుంది. అమెరికా నౌకాదళం, టర్బైన్ (జెట్ తరహా) ఇంజన్ ఉండే బెల్ 206 నుంచి వచ్చిన టీహెచ్-57 మీద దశాబ్దాలు నేర్పింది, ఇప్పుడు టీహెచ్-73ఏ మీద. సైన్యం రెండు ఇంజన్ల లకోటా హెలికాప్టర్ మీదకు వెళ్లి, ఈ మధ్య మళ్లీ సాదా ఒంటి ఇంజన్ హెలికాప్టర్ వైపు చూస్తోంది. వాళ్ల విద్యార్థి నేరుగా టర్బైన్‌లోకే వెళ్తాడు, ఇంధనం ఖర్చు అతని జేబులోది కాదు. మీ లెక్క వేరు. పైగా కంప్యూటర్ స్థిరత్వం ఇచ్చే పెద్ద యంత్రంలో మొదటి హోవర్ నేర్చుకున్నవాడికంటే, తేలికైన యంత్రంలో చేతులతో నేర్చుకున్నవాడికి చేయి బాగా తిరుగుతుందని నా అభిప్రాయం. దీన్ని ఒప్పుకోని ఇన్‌స్ట్రక్టర్లు ఉన్నారు, వాళ్లతో నేను చాలాసార్లు వాదించాను.

చిన్నదాని మీది గంటలు పెద్దదానికి పనికొస్తాయా అంటే, లాగ్‌బుక్‌లో హెలికాప్టర్ గంట హెలికాప్టర్ గంటే. లైసెన్స్ వచ్చాక టర్బైన్‌కు మారడానికి ఆ రకం మీద కొన్ని గంటల శిక్షణ, గ్రౌండ్ పాఠాలు సరిపోతాయి. కొత్తగా వచ్చేవి టార్క్ (తిప్పే బలం), టెంపరేచర్ పరిమితులు, స్టార్ట్ చేసేటప్పుడు వేడి దాటిపోకుండా చూసుకోవడం. టీ ఆకారపు రాబిన్సన్ సైక్లిక్ నుంచి మోకాళ్ల మధ్య ఉండే మామూలు సైక్లిక్‌కు మారడం అందరూ భయపడేంత పెద్ద విషయం కాదు, ఒకటి రెండు పాఠాల్లో చేయి కుదురుతుంది. కంపెనీలు అడిగే కనీస టర్బైన్ గంటలు వేరే సమస్య, అది మొదటి లైసెన్స్ దశలో ఆలోచించాల్సింది కాదు.

గంటల గురించి అంచనా ఒకటి. ప్రైవేట్ లైసెన్స్‌కు ఎఫ్ఏఏ కనీసం 40 గంటలు, యూరప్ విమానయాన సంస్థ ఈఏఎస్ఏ 45 గంటలు అంటాయి. కనీసంలో పూర్తిచేసేవాళ్లు తక్కువ. 60, 70 అనుకుని డబ్బు సిద్ధం చేసుకోండి. హోవర్ చాలామందికి ఐదు నుంచి పది గంటల మధ్య పట్టుబడుతుంది. అంతకుముందు మూడు గంటలపాటు 'నా వల్ల కాదు' అనిపిస్తుంది, అది అందరికీ.

స్కూలుకు వెళ్లినప్పుడు చూడాల్సినవి

ఇన్‌స్ట్రక్టర్‌కు ఆ రకం మీద ఎన్ని గంటలున్నాయో అడగండి. మొత్తం గంటల సంగతి తర్వాత, ఆ రకం మీద ఎన్ని అన్నదే ముఖ్యం. నిన్నటిదాకా విద్యార్థిగా ఉండి, గంటలు పెంచుకోవడానికి ఇన్‌స్ట్రక్టర్ అయినవాళ్లు ఈ రంగంలో చాలామంది. వాళ్లు చెడ్డవాళ్లని కాదు, వాళ్ల మీద ఒక సీనియర్ కన్ను ఉందా లేదా చూడండి.

ఇంజన్ ఆగినట్టు అభ్యాసం ఎలా చేయిస్తారో అడగండి. చెప్పకుండా హఠాత్తుగా థ్రాటిల్ మూసేస్తామని గర్వంగా చెప్తే అక్కడ వద్దు. తక్కువ బరువు రోటర్‌తో అది ప్రాణాంతకం కావచ్చని రాబిన్సన్ సేఫ్టీ నోటీసు 27లో హెచ్చరించింది. నేను "మూడు, రెండు, ఒకటి" అని లెక్కపెట్టి మూస్తాను, విద్యార్థి కలెక్టివ్ దించాక. చాలా రోజుల తర్వాత గానీ లెక్క లేకుండా చేయను, అప్పుడు కూడా థ్రాటిల్ మీద నా చేయి ఉంటుంది.

మొదటి పరిచయ పాఠంలో గాల్లోకి వెళ్లినప్పుడు మీకు కంట్రోళ్లన్నీ ఒకేసారి ఇచ్చేస్తున్నారేమో గమనించండి. ఇలాంటి మొదటి పాఠాల్లో ప్రమాదాలు ఎక్కువని సేఫ్టీ నోటీసు 20 చెప్తుంది. కారణం సులువే, కొత్తవాడు భయంతో బిగుసుకుపోతాడు, ఇన్‌స్ట్రక్టర్ ఇంకో క్షణం చూద్దామనుకుంటాడు. సరైన పద్ధతి పైన, ఎత్తులో, ముందుకు ఎగురుతూ ఒక్కొక్క కంట్రోల్ ఇవ్వడం. తర్వాతే నేల దగ్గర. స్కిడ్ నేలకు అంటుకుని ఉండగా పక్కకు దొర్లిపోయే డైనమిక్ రోల్ఓవర్ కొత్తవాళ్లకు జరిగేది అక్కడే. అప్పుడు కూడా మందు కలెక్టివ్‌ను మెల్లగా దించడమే, సైక్లిక్‌తో కుస్తీ కాదు.

తేమగా, చల్లగా ఉన్న రోజున కార్బ్ హీట్ (కార్బ్యురేటర్‌లోకి వేడి గాలి పంపేది) ఎలా వాడతారో అడగండి. ఆర్22లో ఇంజన్‌ను దాని పూర్తి శక్తికంటే తక్కువలో వాడతారు, థ్రాటిల్ మామూలుగా కొంత మూసి ఉంటుంది, అందువల్ల కార్బ్యురేటర్‌లో మంచు పట్టే అవకాశం ఎక్కువ. గవర్నర్ దాన్ని కప్పిపుచ్చుతూ థ్రాటిల్ తెరుస్తూ పోతుంది, మీకు తెలిసేసరికి ఆలస్యం. కలెక్టివ్ దించే ముందు కార్బ్ టెంపరేచర్ గేజ్ వైపు చూపు పోవాలి. ఆ గేజ్ పసుపు గీత ఏమిటో ఇన్‌స్ట్రక్టర్ మొదటి రోజే చూపించకపోతే మీరే అడగండి.

హెలికాప్టర్ వయసు కూడా అడగండి. ఆర్22ని 2,200 గంటలకు లేదా 12 ఏళ్లకు, ఏది ముందైతే అప్పుడు, మొత్తం విప్పి ఓవర్‌హాల్ చేయాలి. ఆ గడువుకు ఎంత దగ్గరలో ఉందో చెప్పడానికి సిబ్బంది తడబడకూడదు. లాగ్‌బుక్ చూపించమంటే చూపించాలి. గడువు దగ్గరపడ్డ యంత్రం ప్రమాదకరమని కాదు, మీ కోర్సు మధ్యలో అది నెలల తరబడి హ్యాంగర్‌లో కూర్చుంటే మీ గంటలన్నీ చల్లారిపోతాయి.

నా సలహా అడిగితే: బరువు 80 లోపు అయితే, ఆర్22 స్కూలులో అనుభవమున్న ఇన్‌స్ట్రక్టర్ ఉంటే అక్కడే చేరండి. రెండు చోట్లా ఇన్‌స్ట్రక్టర్లు సమానమైతే క్యాబ్రీ. 90 దాటితే ఆర్44 లేదా కెడెట్. చేరే ముందు ఆర్22, క్యాబ్రీ రెండింట్లోనూ ఒక్కో పరిచయ పాఠం ఎగరండి, తలుపులు మూశాక మోచేతులు, మోకాళ్లు ఎక్కడ తగులుతున్నాయో చూసుకోండి. బరువు చూసుకునేటప్పుడు షూస్, జాకెట్, హెడ్‌సెట్, చేతి సంచితో సహా తూచుకోండి. ఇంటి తూకం మీద 84 చూపించిన మనిషి ర్యాంప్ మీద (హెలికాప్టర్ నిలిపే చోట) 89 అవడం నేను చాలాసార్లు చూశాను, ఆ ఐదు కిలోల మేర పెట్రోలు దించుకోవాల్సి వస్తుంది.